మంచె మీద కావలివాళ్ళు

ఆ కాగితంలో ఆరో పేరా నాకు కంఠస్థం. "ఈ పరిశోధనలో చేసే రక్తపరీక్షల వివరాలు ఎవరికీ విడిగా చెప్పబడవు." కర్నూలులో మా ల్యాబుకు రక్తం ఇవ్వడానికి వచ్చిన అరవై రెండు మందికీ నేనే చదివి వినిపించాను. చదవడం వచ్చినవాళ్ళకు కూడా చదివాను. చదువుకున్నవాళ్ళే చదవకుండా సంతకం పెడతారు కదా. అరవై ఒక్క మంది దగ్గర ఆ మాట నిలబెట్టుకున్నాను. ఒక్క మనిషి దగ్గర నోరు జారాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నా చిన్నప్పుడు రోజుకోసారి అనేది. నేను వినలేదు.

నా పేరు స్వర్ణలత. మాది బద్వేలు. నలభై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కాపురం, నాలుగేళ్ళ కోర్టు అయ్యాక ల్యాబు టెక్నీషియన్‌గా కర్నూలు చేరాను. నేను పనిచేసే గదికి కిటికీ లేదు. మిషనుకు వేడి పడదని ఏసీ పెట్టి, తలుపు బిగించి, మిషనునూ నన్నూ లోపల వేశారు. బయట ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే నేను లోపల స్వెట్టరు వేసుకుని కూర్చుంటాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే ఎదురుగా ఎవరూ ఉండరు. అలవాటైపోయిందని అడిగినవాళ్ళకల్లా చెబుతాను. అలవాటు కాలేదు.

పని చెబుతాను. పెద్దపేగు క్యాన్సరుకు ఆపరేషన్ అయినవాళ్ళు మూడు నెలలకొకసారి వస్తారు. వాళ్ళ రక్తం నేనే తీసేదాన్ని. అందులోంచి తెల్లకణాలను విడదీసి రంగుల మందు కలిపితే, మిషను ఒక్కో కణం మీదా లేజరు కాంతి వేసి ఏ కణం ఒంటి మీద ఏ గుర్తుందో లెక్క చెబుతుంది. క్యాన్సరును చంపడానికి పోరాడే కణాలు కొన్ని ఉంటాయి. పోరాడి పోరాడి అలసిపోయినవాటి మీద ఒక రకం గుర్తు ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటివి పెరిగినవాళ్ళకు జబ్బు తిరగబెడుతుందా అన్నది మా డాక్టరు వసంతకుమార్ గారి ప్రశ్న. జవాబు ఆయనకూ తెలియదు. తెలియదు కాబట్టే ఎవరికీ చెప్పకూడదు.

పోల్చి చూడటానికి ప్రతిసారీ జబ్బు లేని మనిషి రక్తం ఒకటి కావాలి. అది నాదే. దానికీ ఒక ఫారం ఉంది. అందులో అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నచోట చాలాసేపు ఆలోచించి మా ల్యాబు నంబరే రాశాను. అంటే నాకేమైనా అయితే ఆ ఫోన్ ఎత్తాల్సింది నేనే. రాసేటప్పుడు నవ్వొచ్చింది గానీ, నవ్వాల్సిన సంగతేమీ కాదు.

నలభై ఏడో నంబరు విశ్వాసమ్మది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆలూరు దాటి లోపలికి పోతే వాళ్ళ పల్లె. భర్త మంగంపేట ముగ్గురాళ్ళ గనిలో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఉన్నది రెండెకరాల మెట్ట, తాతలనాటి చర్చి. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె పొట్ట మీద సంచి ఉంది. కోసి కలిపిన పేగు మానేదాకా మలం బయటికి పోవడానికి డాక్టర్లు పెట్టే సంచి. దాన్ని కొంగుతో కప్పుకుని, అందరికీ దూరంగా బెంచీ చివర కూర్చుంది. నేను వెళ్ళి ఆనుకుని కూర్చుని చేయి పట్టుకుంటే ఉలిక్కిపడింది.

"వాసనొస్తాదేమో మ్మా, దూరంగా ఉండు."

"ఈ గదిలో నాకు స్పిరిట్ వాసన తప్ప ఇంకే వాసనా తెలీదక్కా" అన్నాను.

సూది గుచ్చుతుంటే అందరూ సూదినన్నా చూస్తారు, గోడనన్నా చూస్తారు. ఆమె నా మొహం చూసి "తింటివా?" అని అడిగింది. పన్నెండేళ్ళ సర్వీసులో చేతిలో సూది ఉన్న నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అప్పటినుంచి క్యాలెండరులో ఆమె వచ్చే తేదీకి పెన్సిలుతో సున్నా చుట్టేదాన్ని.

రెండోసారి వచ్చేసరికి సంచి తీసేశారు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు మూటగట్టుకుని తెచ్చింది. మా వైపు చెనిక్కాయలంటాం, వాళ్ళు బుడ్డలంటారు. ఒలుచుకుంటూ అడిగింది. "నా నెత్తురుతో ఏం జేస్తావు స్వర్ణమ్మా?"

"మీ చేన్లో పందులు రాకుండా మంచె మీద కావలి పెడతారు గదా అక్కా? నీ నెత్తుట్లో గూడ అట్లాంటి కావలోళ్ళుండారు. వాళ్ళు మేలుకోనుండారా, అలిసి కునుకు తీస్తాండారా అని చూస్తా."

ఆమె వెంటనే తలూపింది. "కావలోడు కునికితే పందులకు పండగే. ఒక్కపూటలో చేనంతా తవ్వి పోతాయి."

డాక్టర్ల సమావేశాల్లో గంటసేపు బొమ్మలు వేసి చెప్పేది ఆమెకు ఒక్క మాటలో అర్థమైంది. ఆ రోజు ఆమె డాక్టరును చూసి, మందులు తీసుకుని, సాయంత్రం బస్సుకు ఇంకా టైముందని మా గది బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఆమె రక్తం లెక్క వచ్చింది. మొదటిసారి అలసిన కణాలు నూటికి ముప్పై. ఇప్పుడు పద్దెనిమిది. నేను బయటికి వచ్చాను.

"మా కావలోళ్ళు ఎట్లుండారు స్వర్ణమ్మా?"

"మేలుకోనుండారక్కా. శానా బాగుండారు."

అంతే. ఆరో పేరా అక్కడ కూలిపోయింది. ఎందుకు చెప్పానంటే ఆమె మొహం చూసి అనుకుంటారేమో. కాదు. ఇంకొకరికి ఇవ్వదగిన మంచి మాట ఒకటి నా దగ్గర ఉండటం నాకే కొత్త. దాచుకోలేకపోయాను.

మూడోసారి వచ్చినప్పుడు విశ్వాసమ్మ బెంచీ చివర కూర్చోలేదు. మధ్యలో కూర్చుంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టింది. ఎడమ చేయి నాకిచ్చి, కుడిచేత్తో గాలిలో చూపిస్తూ చెప్పింది.

"నువ్వు చెప్పిన వారమే చర్చిలో సాక్ష్యం చెప్పినా. నా జబ్బు పోయిందని. నా నెత్తుట్లో కావలోళ్ళను దేవుడు నిద్ర లేపినాడు, కర్నూల్లో మిషను గూడ ఒప్పుకునిందని చెప్పినా. పాస్టరయ్య కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు."

వాళ్ళ ఆరాధనలో పాటలకూ ప్రసంగానికీ మధ్య లేచి, దేవుడు తనకు చేసిన మేలు అందరిముందు చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. ఒకసారి చెప్పాక అది చెప్పినవాళ్ళ సొత్తు కాదు, సంఘం మొత్తానిది. ఆమెను చూసి ఇంకొకరు ధైర్యం తెచ్చుకుంటారు, ఇంకొకరు మొక్కుకుంటారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పూట నాకు తెలిసింది ఒక్కటే. నేను చెప్పింది జబ్బు పోయిందని కాదక్కా అనాలి. అనలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూసి చాలా కాలమైంది.

"స్కాను రాసినారు గదా, తీయించుకున్యావా?" అని మాత్రం అడిగాను.

"ఇంక దానితో ఏం పని? దేవుడి మీద అనుమానం పడినట్లయితాది" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నలభై ఏడో నంబరు మిషనులో పెట్టాను. అలసిన కణాలు నూటికి నలభై ఒకటి. నేనే ఏదో తప్పు చేశానని మిగిలిన రక్తంతో మళ్ళీ చేశాను. నలభై రెండు వచ్చింది. పక్కన పెట్టిన నా రక్తం మాత్రం ఎప్పటిలాగే ఉంది. దానికేం, అది ఎవరితోనూ పోరాడదు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడే గానీ ఆయన మంచితనం కూడా కాగితం మీదే ఉంటుంది. "ఒక్క మనిషి లెక్కతో ఏమీ తేలదమ్మా. జలుబు చేసినా మారొచ్చు. దీన్ని చూసి మనం ఎవరినీ పిలవకూడదు. స్కాను అంటారా, అది పరిశోధనతో సంబంధం లేకుండా అందరూ తీయించుకోవాల్సిందే. వార్డు నుంచి ఫోన్ చేయిస్తాను" అన్నారు. నేను నోరు జారిన సంగతి చెప్పలేదు. భయమేసింది.

వార్డు నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. నేను రోజూ చేశాను. నెలన్నర దాటాక ఒక రోజు ఎత్తి, "బాగుండా స్వర్ణమ్మా. ప్రభువు చూసుకుంటాడు" అని పెట్టేసింది. తింటివా అని అడగలేదు. ఆమె గొంతు, డొక్కలో నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటున్న మనిషి గొంతులా ఉంది. అది మిషను చెప్పింది కాదు, నాకు తెలిసింది.

ఆదివారం తెల్లారి బస్సెక్కాను. ఆదోని మీదుగా ఆలూరు, అక్కడినుంచి ఆటో. దారి పొడవునా ఎర్రనేల, వాన కోసం దున్ని వదిలేసిన చేలు. ఆమె ఇల్లు అడిగితే ఊళ్ళో ప్రతివాళ్ళూ చెయ్యెత్తి చూపించారు. అరుగు మీద అయిదారుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మోకాళ్ళనొప్పులామె ఒకరు, కడుపు పండని ఆమె ఒకరు. చర్చికి పోయేముందు విశ్వాసమ్మ వాళ్ళ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుందట. లోపలినుంచి ఆమె వచ్చింది. మూడోవంతు మనిషి తరిగిపోయింది. కూర్చునేటప్పుడు కుడి డొక్క కింద చెయ్యి ఆనించుకుంది. నన్ను చూసి మొహంలో రంగు పోయింది. పెరట్లోకి రమ్మంది.

"నొప్పుండాదా అక్కా?"

"ఉండాది. నెలన్నర నుంచి."

"ఎవురికన్నా చెప్పినావా?"

"ఎవురికి చెప్పల్ల?" గట్టిగా అని, అరుగు మీదికి వినపడుతుందేమోనని గొంతు తగ్గించింది. "సంచి ఉన్నెప్పుడు మా ఇంటికి ఎవురొచ్చినారు స్వర్ణమ్మా? కొళాయి కాడ నన్ను ముందు పట్టుకొమ్మనేవాళ్ళు. మర్యాద గాదు, బిరీన పోతానని. నా చేతి మజ్జిగ తాగినోళ్ళు ల్యారు. చర్చిలో ఒక చాప మీద నేనొక్కదాన్నే. సాక్ష్యం చెప్పినాంక ఆ అరుగు ఖాళీగా ఉన్నె దినం ల్యా. ఇప్పుడు పోయి, నొప్పి తిరిగొచ్చిందని చెప్పల్లనా? అప్పుడు దేవుడు అబద్ధమాడినట్ల గాదా?"

"అబద్ధమాడింది దేవుడు గాదక్కా. నేను."

"నువ్వు మిషను జూసే గదా చెప్తివి."

"చెప్పగూడనిది చెప్పినా. మిషనుకు ఆ పొద్దు సంగతే తెలుసు. జబ్బు పోయిందో లేదో దానికి తెలీదు. నీకు స్కాను తీయల్ల. ఆలిస్యమైతే, లోపల ఏమన్నా ఉన్నా కోసి తీసేకి వీలుండదు. నా మాట విని రా."

"నొప్పితో సస్తే ఒక్కదాన్నే సస్తా, అది ఒక దినం. సాక్ష్యం తిరగేస్తే బతికినన్నాళ్ళూ ఒక్కదాన్నే." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. "నువ్వు చెప్తివి, నేను నమ్మితి. ఇప్పుడు కాదంటాండావు. అంత ధైర్యముంటే నువ్వే చెప్పు పో, అందరి ముందర!"

కోపంలో అన్న మాట. అంతలో చర్చి గంట కొట్టారు. ఆమె కొంగు సర్దుకుని అరుగు మీది ఆడవాళ్ళతో కలిసి వెళ్ళిపోయింది. నేను పెరట్లో ఒక్కదాన్నే నిలబడ్డాను. అడుసు తొక్కింది నేను. కాలు కడుక్కోవాల్సింది ఆమె ఎందుకవుతుంది?

వెనకాలే వెళ్ళాను. రాతికట్టడపు పాత చర్చి. ఎడమవైపు చాపల మీద ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. నేను ఆడవాళ్ళ వరసలో చివర కూర్చున్నాను. పాటలయ్యాయి. పాస్టరు ఆనందం గారు మైకు పట్టుకుని, "సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి" అన్నారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను.

మా ఇంట్లో మొక్కేది వెంకటేశ్వరస్వామికి. జీవితంలో మైకు పట్టుకున్నది లేదు. ముందుకు వెళ్ళి మైకు అందుకున్నాను.

"నా పేరు స్వర్ణలత. నేను మీ దేవుణ్ణి మొక్కేదాన్ని గాదు. కర్నూల్లో రక్తం పరీక్ష చేసే పని నాది. విశ్వాసమ్మక్క నెత్తుట్లో కావలోళ్ళు బాగుండారని చెప్పింది నేనే. ఎవురికీ చెప్పగూడదని కాగితం మీద రాసుండాది, అయినా చెప్పినా. అది జబ్బు పోయిందనేదానికి గుర్తు గాదు. అక్క నమ్మి మీకు చెప్పింది. ఆమె అబద్ధం చెప్పల్యా. మీ దేవుడు గూడ చెప్పల్యా. తప్పు నాది. ఇప్పుడామెకు నొప్పొస్తాండాది. మీరంతా ఏమనుకుంటారోనని ఆసుపత్రికి రాకుండాది. మీరు పొమ్మనండి."

మైకు దించాను. విశ్వాసమ్మ తల వంచుకుని చాప అంచు గిల్లుతోంది. ఆమె పక్కన కూర్చున్న ఆడమనిషి, కావాలని కాదేమో, ఒక జానెడు ఇవతలికి జరిగింది. ఆ జానెడు నేను చూశాను. విశ్వాసమ్మా చూసింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, మన సహోదరి కోసం ప్రార్థన చేద్దామన్నారు. చేశారు. బాగానే చేశారు. ఆమెను ఆసుపత్రికి పోనివ్వమని కూడా దేవుణ్ణి అడిగారు.

ఆరాధన అయ్యాక ఆమె నా ముందునుంచి నడిచిపోతూ, "బస్సుకు టైమయింది, పో" అంది. ఆటో కోసం నిలబడ్డచోటికి ఆమె అరుగు కనిపిస్తోంది. ఎవరూ లేరు. ఆమె తలుపు వేసుకుంది. నేను చేసింది మంచో చెడో కర్నూలు చేరేదాకా తేల్చుకోలేకపోయాను.

సోమవారం డాక్టరుగారికి అంతా చెప్పేశాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. పరిశోధనల తప్పొప్పులు చూసే కమిటీకి ఉత్తరం రాశారు. రక్తం తీసే పని నా నుంచి తీసేసి వేరే అమ్మాయికి ఇచ్చారు. ఇప్పుడు రక్తం గొట్టాలు తలుపు సందులోంచి లోపలికి వస్తాయి. మూడు నెలలకొకసారి అరవై రెండు చేతులు పట్టుకునేదాన్ని. ఇప్పుడు అవీ లేవు. తప్పుకు శిక్ష పడిందని నాకు బాధ లేదు. నలభై ఏడో నంబరు గొట్టం ఆ తలుపు సందులోంచైనా మళ్ళీ వస్తుందా అన్నదే నా బాధ.

పన్నెండో రోజు స్కాను గది ముందు వరసలో విశ్వాసమ్మ కనిపించింది. తెల్లచీర కాదు, పొలానికి కట్టుకునే చీర. బెంచీ చివర కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె పక్కకు జరగలేదు. వరస కదిలినప్పుడల్లా ఇద్దరం కదిలాం.

కాలేయం మీద రేగిపండంత మచ్చ ఉంది. ఒక్కటే. తీసేయవచ్చని, ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే అనుమానమేనని సర్జను అన్నారు. వసంతకుమార్ గారు నన్ను పిలిచి, "మీ లెక్క, ఈ మచ్చ కలిశాయని మురిసిపోకండి. ఒక్క మనిషితో ఏమీ తేలదు" అన్నారు. నేనేమీ మురిసిపోలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కానీ ఆమె వచ్చింది, అది మంచిదైంది" అన్నారు. ఆ మాట మాత్రం కాగితం మీదిది కాదు.

ఆమెను చేర్చుకోవడానికి వార్డుకు తీసుకువెళ్ళాం. నర్సు జెస్సీ ఫారం తీసి పేరు, ఊరు రాసుకుంది.

"నీతో ఎవరొచ్చారమ్మా? ఆపరేషన్‌కు మనిషి ఉండాలి."

విశ్వాసమ్మ వార్డు తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు. ఆమె తరఫువాళ్ళెవరూ లేరు. చాలాసేపు చూసి, వేలెత్తి నన్ను చూపించింది.

"మేడమా?" జెస్సీ తలెత్తి నన్ను చూసింది. "మేడం నీకేమవుతారు?"

"మా ఇంటికి మనుషులు రాకుండా జేసినామె" అంది విశ్వాసమ్మ. "ఆమె పేరే రాసుకో."

జెస్సీ నవ్వబోయి మా మొహాలు చూసి ఆగిపోయింది. నా పేరు రాసింది. సంబంధం అన్నచోట ఏం రాయాలో తెలియక వదిలేసి, ఫోన్ నంబరు అడిగింది. ల్యాబు నంబరు నోటిదాకా వచ్చింది. మింగేసి, నా సెల్ నంబరు చెప్పాను.